ఎనిమిది పాటలు, యాభై ఎనిమిది సొరంగాలు

ఇనుప ఖనిజం కోసం వేసిన కొండ రైలు మార్గం. ఇనుము పని చేసే ఊళ్లో పుట్టిన సంగీతం. విశాఖ నుంచి అరకు దాకా మిత్రుల మధ్య ఒకటే గొడవ: ‘పారనాయిడ్’ ఆల్బమ్‌లో ఏ పాట తీసేయొచ్చు?

1970 జూన్. లండన్ స్టూడియోలో ఆల్బమ్ పని దాదాపు ముగిసింది. లెక్క చూసుకుంటే ఇంకో మూడు నిమిషాల పాట తక్కువైంది. నిర్మాత రోడ్జర్ బెయిన్ ‘ఇంకోటేమైనా ఉందా’ అన్నాడు. మిగతావాళ్లు భోజనానికి వెళ్లొచ్చేలోపు టోనీ అయోమీ గిటారు మీద ఒక వరస పట్టుకున్నాడు. గీజర్ బట్లర్ గబగబా మాటలు రాసిచ్చాడు, ఓజీ ఆస్బోర్న్ పాడేశాడు, బిల్ వార్డ్ డ్రమ్ములు అందుకున్నాడు. చోటు నింపడానికి చేసిన ఆ 2 నిమిషాల 48 సెకన్ల ‘పారనాయిడ్’ బ్రిటన్ సింగిల్స్ పట్టికలో నాలుగో స్థానానికి చేరింది. ఆల్బమ్ ఏకంగా మొదటి స్థానానికి. ముందు అనుకున్న పేరు ‘వార్ పిగ్స్’. దాన్ని పక్కన పెట్టి ఈ ఫిల్లర్ పేరే ఆల్బమ్‌కు పెట్టారు. అట్ట మార్చే తీరిక మాత్రం లేకపోయింది. అందుకే దాని మీద ఇప్పటికీ ఒక మనిషి కత్తీ డాలూ పట్టుకుని చీకట్లోంచి దూకుతుంటాడు, లోపలి పేరుతో తనకేమీ సంబంధం లేనట్టు.

బ్లాక్ సబ్బత్ రెండో ఆల్బమ్ కథ ఇది. మా జట్టులో అందరికీ కంఠతా వచ్చు. అయినా ఎవరో ఒకరు ‘ఒక పాట తీసేయాలంటే ఏది?’ అని మొదలుపెడతారు, మిగతావాళ్లు కొత్తగా విన్నట్టు దెబ్బలాడతారు. ఈసారి ఆ గొడవను కిరండూల్ పాసింజరు ఎక్కించాం.

జట్టును పరిచయం చేయాలి. ఒకడు ఉక్కు కర్మాగారంలో ఉద్యోగి. అందరికీ ఏదో వరసన బావే కాబట్టి ప్లాంటు బావ. ఇంకొకడు పెళ్లిళ్ల ఆర్కెస్ట్రాలో డ్రమ్ములు వాయిస్తాడు. పొట్టకూటికి సినిమా పాటలు, ప్రాణం మాత్రం బిల్ వార్డ్ మీద. అందరికంటే చిన్నది బేస్ గిటారు వాయించే అమ్మాయి. ‘అన్నా’ అంటూనే మమ్మల్ని ఏకిపారేస్తుంది. అరకు దగ్గరి పల్లెలో పుట్టి అక్కడే బడి నడుపుతున్న మాస్టారు పైన స్టేషన్లో కలుస్తానన్నారు. ఇక నేను, ఏ వాద్యమూ చేతకాని శ్రోతను.

కొత్తవలసలో బండి హౌరా లైనును వదిలి కొండలవైపు తిరిగేలోపే మొదటి ఓటు పడింది.

“ర్యాట్ సలాడ్ తీసి పారీరా బాబూ. రెండున్నర నిమిషాలు, మాటల్లేవు, ఉత్త డ్రమ్ముల గోల,” అన్నాడు బావ.

“నీకేటి తెలుసురా బావా! అది వాళ్లకి అన్నం పెట్టిన గోల,” అని డ్రమ్మర్ లేచి కూర్చున్నాడు. వాడి వాదనలో నిజముంది. పేరు రాకముందు ఈ నలుగురూ యూరప్ క్లబ్బుల్లో ఒక్క రాత్రిలో అన్నేసి సార్లు స్టేజీ ఎక్కాల్సి వచ్చేది. చేతిలో పాటలు అంతంతమాత్రం. గంటలు గడవాలంటే డ్రమ్ముల సోలోను సాగదీయడమే దారి. ‘ర్యాట్ సలాడ్’ ఆ రాత్రుల నుంచి మిగిలిన ముక్క. ఆల్బమ్‌లో అది వచ్చే చోటు చూడండి. దానికి ముందు ఏడు నిమిషాల ‘హ్యాండ్ ఆఫ్ డూమ్’, మత్తుమందుకు చిక్కిన సైనికుల పాట. అది విన్నాక వెంటనే ఇంకో గొంతు వినబుద్ధి కాదు. అక్కడ మాటల్లేకపోవడం నాకు న్యాయంగానే తోస్తుంది. బావకు తోచలేదు.

ఖనిజం దారిలో మనుషుల బండి

ఈ లైను కథ తెలియకపోతే మా గొడవ సగమే అర్థమవుతుంది. 1960లో భారత ప్రభుత్వానికీ జపాన్ ఉక్కు మిల్లులకూ ఒప్పందం కుదిరింది. బస్తర్‌లోని బైలదిల్లా కొండల నుంచి ఏటా 40 లక్షల టన్నుల ఇనుప ఖనిజం పంపాలి. ఖనిజం కొండల మీద, ఓడలు విశాఖలో, మధ్యలో తూర్పు కనుమలు. దండకారణ్య–బొలంగీర్–కిరిబురు పథకం కింద కొండలు తొలిచి కొత్తవలస నుంచి కిరండూల్ దాకా దాదాపు 450 కిలోమీటర్ల పట్టాలు వేశారు. అదే కేకే లైను. 58 సొరంగాలు. అరకుకు ముందొచ్చే శిమిలిగూడ స్టేషన్ సముద్ర మట్టానికి 996 మీటర్ల ఎత్తున ఉంది. దేశంలో బ్రాడ్‌గేజ్ మీద అన్నిటికంటే ఎత్తైన స్టేషన్ అని చాలాకాలం చెప్పుకున్నారు. తర్వాతి రోజుల్లో విశాఖ ఉక్కు కర్మాగారానికీ బైలదిల్లా ఖనిజమే వచ్చింది, ఈ దారినే.

అంటే, మేమెక్కిన పాసింజరు ఈ లైనులో ఫిల్లరే. పట్టాలు వేసింది దానికోసం కాదు. అయినా ఇవాళ కేకే లైనంటే జనానికి గుర్తొచ్చేది అదే. 2017లో దానికి అద్దాల పెట్టె తగిలించారు. ఇప్పుడు సొరంగం సొరంగానికీ కేకలు పెట్టే కుర్రకారు, ఫోన్లు చాపే చేతులు, వేరుశెనక్కాయల పొట్లాలు. ఏ ముక్క ముఖ్యమో, ఏది చోటు నింపడానికి వచ్చిందో చేసినవాళ్ల లెక్క ఒకటి, వాడుకునేవాళ్ల లెక్క ఇంకొకటి. నా వాదనకు మూలం ఇదే కాబట్టి బండిలో దీన్ని రెండు మూడుసార్లు చెప్పాను. చివరిసారి బేస్ అమ్మాయి, “అన్నా, నువ్వే ఫిల్లర్‌లా ఉన్నావు,” అంది.

అటు బర్మింగ్‌హామ్ సంగతి. బ్యాండులోని నలుగురూ ఆస్టన్ అనే కార్మికపేట పిల్లలు. అయోమీ పదిహేడేళ్లకు రేకుల ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. ఉద్యోగం మానేసే ఆఖరి రోజున, మామూలుగా నడిపే మనిషి రాలేదని అతణ్ని అలవాటు లేని మిషను దగ్గర పెట్టారు. కుడిచేతి రెండు వేళ్ల కొనలు పోయాయి. ఎడమచేతివాటం కాబట్టి తీగెలు నొక్కేది ఆ వేళ్లతోనే. ఇక గిటారు లేదనుకున్నవాడికి ఫ్యాక్టరీ మేనేజరు జాంగో రైన్‌హార్ట్ రికార్డు వినిపించాడు. జాంగో ఎడమచెయ్యి కాలిపోయి, ఆ చేతి రెండు వేళ్లతోనే సోలోలు వాయించినవాడు. అయోమీ ప్లాస్టిక్ సీసా కరిగించి వేళ్లకు టోపీలు చేసుకున్నాడు, వాటికి తోలు అంటించుకున్నాడు, నొప్పి తగ్గడానికి సన్నటి బాంజో తీగెలు గిటారుకు బిగించాడు.

ఈ కథ ఎవరు చెప్పినా ప్రతిభ గురించి చెబుతారు. బావ భద్రతా తనిఖీ అధికారిలా చెబుతాడు. “గార్డు లేని మిషను, శిక్షణ లేని మనిషి. యాక్సిడెంటు రిపోర్టు రాయాల్సినోళ్లు రికార్డు వినిపించార్రా!” హెవీ మెటల్ పుట్టుక మీద ఇంత ఒళ్లు మండిన వ్యాఖ్య నేనెక్కడా చదవలేదు.

బావకు ఇష్టమైన తేదీలు కూడా కొన్ని ఉన్నాయి. ‘విశాఖ ఉక్కు – ఆంధ్రుల హక్కు’ అంటూ 1966లో సాగిన ఉద్యమంలో 32 మంది ప్రాణాలు పోయాక, 1970 ఏప్రిల్ 17న ఇందిరాగాంధీ పార్లమెంటులో కర్మాగారాన్ని ప్రకటించారు. అదే ఏడాది సెప్టెంబరు 18న ‘పారనాయిడ్’ బ్రిటన్‌లో విడుదలైంది. అమెరికాలో 1971 జనవరి 7న. ఆ జనవరి 20నే కర్మాగారానికి శంకుస్థాపన. “మా ప్లాంటూ, ఈ ఆల్బమూ ఒకీడువాళ్లురా,” అంటాడు. ఇందులో మర్మమేమీ లేదు, చెప్పేటప్పుడు వాడి మొహంలో వెలుగు తప్ప.

ఘాట్ ఎక్కుతూ మొదటి వైపు

శృంగవరపుకోట దాటి బొడ్డవర వచ్చేసరికి కొండ మొదలైంది. చిన్న స్పీకరు, పక్కవాళ్లకు ఇబ్బంది లేనంత శబ్దం, ‘వార్ పిగ్స్’. ఎదురు సీటు పెద్దాయన కాసేపు ఓపిక పట్టి, ఇళయరాజా ఉంటే పెట్టమన్నాడు. ఉన్నాడు. రెండు పాటలు పెట్టి, మళ్లీ మా గొడవకొచ్చాం.

‘వార్ పిగ్స్’ ఎనిమిది నిమిషాలకు కాస్త తక్కువ. యుద్ధకాలపు సైరన్‌తో మొదలవుతుంది. దీని తొలి పేరు ‘వాల్పర్గిస్’, మంత్రగత్తెల రాత్రి. తర్వాత మాటలు మార్చారు. ఓజీ పాడుతున్నప్పుడు గిటారు తప్పుకుంటుంది. హై-హ్యాట్ తాళం ఒక్కటే టిక్కుటిక్కుమంటుంది. వాక్యం అవగానే రెండు దెబ్బలు, మళ్లీ ఖాళీ. మా డ్రమ్మర్ లెక్కలో లోకంలో అన్నిటికంటే గొప్ప డ్రమ్మింగ్ అది, ఎందుకంటే అక్కడ వార్డ్ దాదాపు ఏమీ వాయించడు. చివర్లో టేపు వేగం పెంచి ముగించారు. అది నిర్మాత, ఇంజినీరు చేసిన పని. బ్యాండుకు తర్వాతే తెలిసింది.

దాన్ని తీసేయమని ఎవరూ అనలేదు. పిల్లలను యుద్ధానికి పంపే పెద్దల మీద పాట. రెండో వైపున్న ‘హ్యాండ్ ఆఫ్ డూమ్’ వియత్నాం వెళ్లి, హెరాయిన్‌కు అలవాటుపడి వచ్చిన సైనికుల మీద. “పంపినోళ్లు ఆ వైపు, పోయినోళ్లు ఈ వైపు. ఒకే కథ అన్నా, మధ్యలో రికార్డు తిప్పాలంతే,” అంది బేస్ అమ్మాయి. రెండింటికీ మాటలు రాసింది బేస్ వాయించే బట్లరే అని ఆమె మాకు గుర్తుచేయని రోజు లేదు. ‘హ్యాండ్ ఆఫ్ డూమ్’ మొదలయ్యేది కూడా బేస్‌తోనే, దొంగ అడుగులు వేస్తున్నట్టు. నా లెక్కలో ఆల్బమ్‌లో అన్నిటికంటే గొప్ప పాట అదే. ఈ విషయంలో ఆమెకూ నాకూ పొత్తు.

ఇక్కడ బావ ఒక పొరపాటు మాట అన్నాడు: ఈ ఆల్బమ్ ఇంత బరువుగా ఉండటానికి కారణం గిటారు శ్రుతి దించడమేనని. బేస్ అమ్మాయి వదల్లేదు. శ్రుతి దించడం 1971 నాటి మూడో ఆల్బమ్ ‘మాస్టర్ ఆఫ్ రియాలిటీ’తో మొదలైంది, ‘పారనాయిడ్’ మామూలు శ్రుతిలోనే ఉంది. మరి ఆ బరువెక్కడిది?

జవాబు ఒక చిన్న ఘాట్ స్టేషన్లో దొరికింది. మా బండిని పక్క లైనులో నిలిపేశారు. పైనుంచి నిండు ఖనిజం బండి దిగుతోంది. జోరేమీ లేదు. ఎర్రదుమ్ము పట్టిన వ్యాగన్లు ఒక్కొక్కటే వస్తున్నాయి, ప్రతిదీ పట్టాల అతుకు మీద అదే దెబ్బ కొట్టి పోతోంది. బ్రేకుల కీచు పైన, నేల అదురు కింద. తోక పెట్టె దాటేదాకా మేం నోరెత్తలేదు. డ్రమ్మర్ మాత్రం తొడ మీద తాళం వేస్తూ, “ఐరన్ మ్యాన్ ఇదేరా,” అన్నాడు. నిజమే. ఆ పాటలో ముందు కాలితో కొట్టే పెద్ద డ్రమ్ము ఒంటి దెబ్బలు, దానిమీద సాగి వంగే గిటారు స్వరం, తర్వాత తొందరపడని నడక. అదే వరసను ఎక్కడా జంకకుండా మళ్లీ మళ్లీ తీసుకొస్తారు. బరువు శ్రుతిలో లేదు, శబ్దంలోనూ లేదు. ఆగడం కష్టమైన నడకలో ఉంది. వేగంగా వాయించే మెటల్ ఆ తర్వాత కుప్పలుగా వచ్చింది. వాటిలో నాకిష్టమైనవీ ఉన్నాయి. బరువు మాత్రం ఈ పాటలదే.

అయితే ‘ఐరన్ మ్యాన్’ అంత గట్టిగా తగలడానికి దాని ముందున్న ‘ప్లానెట్ కారవాన్’ కారణమని నా పట్టు. నాలుగున్నర నిమిషాల మెత్తని పాట. కాంగా డ్రమ్ముల మీద వేళ్లు, తిరిగే లెస్లీ స్పీకరులోంచి నీళ్లలో మునిగినట్టు వినిపించే ఓజీ గొంతు. బావ రెండో ఓటు దీనిమీదే వేశాడు: “నిద్రమాత్ర.” 1994లో ప్యాంటెరా లాంటి మొరటు బ్యాండు ఏరికోరి ఈ పాటే మళ్లీ పాడిందని చెప్పినా వినలేదు. బొర్రా గుహలు దగ్గరపడి లోయ ఒక్కసారిగా తెరుచుకున్నప్పుడు మళ్లీ పెట్టాను. బావ కిటికీలోంచి చూస్తూ ఏమీ అనలేదు, కాబట్టి నేను గెలిచినట్టు రాసుకుంటున్నాను.

మా తరానికి ఈ పాటలు ఎలా వచ్చాయని కుర్రవాళ్లు అడుగుతుంటారు. క్యాసెట్ల మీద క్యాసెట్లు ఎక్కించుకుని, 1991 తర్వాత డిష్ యాంటెన్నా ఉన్న ఇంట్లో ఎమ్‌టీవీ ముందు కూర్చుని. ‘ఏ’ సైడు, ‘బీ’ సైడు అనేవి మాకు చేత్తో చేసిన పని. తర్వాత ప్రశాంతి ఎక్స్‌ప్రెస్‌లో బెంగళూరు యాత్రలు: 2007 మార్చిలో ఐరన్ మెయిడెన్, 2011 అక్టోబరులో మెటాలికా. ఇప్పుడు హైదరాబాద్, బెంగళూరు కుర్రాళ్ల ‘గాడ్‌లెస్’ లాంటి బ్యాండు సొంతంగా డెత్ మెటల్ ఆల్బమే తెచ్చింది. బేస్ అమ్మాయి ఆ తరం మనిషి. మేం విన్నదాన్ని ఆమె వాయిస్తుంది.

2025 జులై 5న బర్మింగ్‌హామ్ విల్లా పార్కులో అసలు నలుగురూ చివరిసారి కలిసి వాయించారు. ఓజీ సింహాసనంలో కూర్చునే పాడాడు. నాలుగు పాటల్లో మూడు ఈ ఆల్బమ్‌వే, మూడూ మొదటి వైపువే: ‘వార్ పిగ్స్’, ‘ఐరన్ మ్యాన్’, ఆఖరున ‘పారనాయిడ్’. ఆ నెల 22న ఓజీ పోయాడు, 76 ఏళ్లకు. నలభై వేల మంది ముందు ఆఖరి పాటగా నిలబడింది ఆ ఫిల్లరే. సొరంగంలో ఈ మాట గట్టిగా చెప్పాను గాని, కుర్రకారు కేకల్లో ఎవరికీ వినపడలేదు.

రెండో వైపు మాస్టారిది

అరకు స్టేషన్లో మాస్టారు కలిశారు. ఆయనకు బాగా నచ్చింది ‘హ్యాండ్ ఆఫ్ డూమ్’ అని ముందే తెలుసు. ఎందుకో ఈసారి తెలిసింది. ఏజెన్సీ అనగానే మైదానంవాళ్లకు కాఫీ తర్వాత గంజాయి గుర్తొస్తుంది. 2021లో పోలీసులు ‘ఆపరేషన్ పరివర్తన’ పేరుతో ఇక్కడి తోటలు నరికించారు. “మూట మోసినవాడు దొరుకుతాడు. మోయించినవాడు దొరకడు. మీ పాటలో కూడా అంతే కదండీ,” అన్నారాయన. బేస్ అమ్మాయి నావైపు చూసింది. ఆమె రైల్లో చెప్పిన మాట ఆయనకు మేం చెప్పలేదు.

సాయంత్రం ఒక రిసార్టు ముందు టూరిస్టుల కోసం ధింసా నాట్యం. మోరి ఊదారు, కిరిడి, తుడుము, డప్పు, జోడుకొమ్ములు కలిశాయి. ఆడవాళ్లు ఒకరి వెనక ఒకరు చేతులు పెనవేసుకుని వరసగా ముందుకూ వెనక్కూ అడుగులు వేశారు. పావుగంటలో అయిపోయింది. డ్రమ్మర్ తుడుము దగ్గరే నిలబడిపోయాడు. వరస ఒకటే తిరుగుతుంటే వినేవాడి లోపల ఏదో మారుతుంది. అయోమీ నమ్మిందీ అదేనని వాడి సిద్ధాంతం. నాకది సగం నిజమనిపిస్తుంది. అయోమీది స్టేజీ కింద నిలబడి వినే సంగీతం. ఇది చెయ్యి కలిపితే తప్ప అందదు.

మాస్టారి కోపం వేరే. “మీరు నలభై రెండు నిమిషాల ఆల్బమ్‌లో రెండున్నర నిమిషాలు తీసేయడానికి విశాఖ నుంచి ఇక్కడిదాకా దెబ్బలాడుకుంటూ వచ్చారు. మా ధింసాలో ఏం తీసేశారో ఒక్కరైనా అడిగారా?”

అడగలేదు. ఆయనే చెప్పారు. గ్రామదేవత పేరిట ఆడేది బోడ ధింసా. మగవాడు ఆడవాళ్లను ఆటకు పిలిచేది గుండేరి. వంగి లేస్తూ ఊగేది గొడ్డి బేట. ఆకులు కోయడాన్ని ఆడి చూపేది పోతర్ తోల. పులి మీదపడితే ఎలా తప్పించుకోవాలో చూపేది బాగ్. భుజాలతో నెట్టుకుంటూ ఆడేది కుండ. దీపావళికి వాల్మీకులు ఎక్కువగా ఒంటరిగా ఆడేది నాటికారి. దేవత పూనిన గణాచారిది బాయ. స్టేజీ మీదికి వచ్చేవి వీటిలో చూడ్డానికి బాగుండేవి. పూనకం పావుగంటలో రాదు కాబట్టి బాయ రాదు. ఒక ఊరివాళ్లు ఇంకో ఊరికి వెళ్లి ఆడి, కలిసి భోజనం చేసే సంకిడి కేల్బార్‌కు టికెట్టు పెట్టే వీల్లేదు కాబట్టి అదీ రాదు.

“అంటే మాకు చూపించింది గ్రేటెస్ట్ హిట్స్ అన్నమాట,” అన్నాడు డ్రమ్మర్.

“హిట్లని నిర్ణయించింది మేం కాదు,” అన్నారు మాస్టారు.

బొంగులో చికెన్ వచ్చింది. తింటూ మళ్లీ ఓట్లు లెక్కపెట్టాం. డ్రమ్మర్ ‘ఫెయిరీస్ వేర్ బూట్స్’ మీద వేశాడు. స్కిన్‌హెడ్ కుర్రాళ్లతో గొడవపడి రాసిన పాటను బాంబులూ యుద్ధాల తర్వాత ఆఖర్న పెట్టడం వాడికి నచ్చదు. నాకు నచ్చుతుంది, అంత చీకటి తర్వాత కాస్త వెటకారం ఉండాలి. బేస్ అమ్మాయి ‘ఎలక్ట్రిక్ ఫ్యునరల్’ మీద వేసి, సొరంగాల్లో విన్నాక మనసు మార్చుకున్నానని వెనక్కి తీసుకుంది. నేను ఓటే వేయలేదు. బావ తన రెండు ఓట్లనూ ఖాయం చేసుకుని మాస్టారి వైపు తిరిగాడు.

“మీరేది తీసేస్తారు మాస్టారూ?”

“చైత్రంలో ఇటుకల పండగకి రండి. మా ఊళ్లో ధింసా మొదట్నుంచీ చివరిదాకా ఉండి చూడండి. అప్పుడు చెప్తాను.”

“చివరిదాకా అంటే ఎంతసేపండీ?” అన్నాడు బావ. వాడికి మర్నాడు ఏ-షిఫ్టు.

“క్యాసెట్ తిప్పినంతసేపట్లో అయితే అవదు,” అని మాస్టారు బొంగులో మిగిలిన ముక్క బావ ఆకులోనే వేశారు.